కెమెరా కన్నా వయసులో చిన్న దయ్యం

పారిస్‌లో నోత్రదామ్ కేథడ్రల్ బురుజుల దగ్గర, నేలకు సుమారు 46 మీటర్ల ఎత్తున, ఒక రాతి పిట్టగోడ ఉంది. 1853లో షార్ల్ నెగ్ర్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడ తీసిన చిత్రంలో ఇద్దరు కనిపిస్తారు. ఒకరు రాయి, ఒకరు మనిషి. రాతివాడికి కొమ్ములున్నాయి, రెక్కలున్నాయి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, రెండు చేతుల మధ్య మొహం పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి కింద ఊరిని చూస్తున్నాడు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ పొద్దుపుచ్చేవాడి వాలకం. వాడికి కాస్త వెనకగా, గోడ మూలన, నల్లకోటు తొడుక్కుని పొడవాటి గొట్టం టోపీ పెట్టుకున్న పెద్దమనిషి నిటారుగా నిలబడ్డాడు. ఇద్దరూ అంత దగ్గర ఉండీ ఒకరినొకరు పట్టించుకోరు. కింద పారిస్ మంచు కమ్మినట్టు వెలిసిపోయి ఉంది.

చూడగానే తట్టే అర్థం ఒకటే. ఇటు మధ్యయుగం, అటు ఆధునిక యుగం. ఇటు వందల ఏళ్లుగా అక్కడే కూర్చున్న గోథిక్ దయ్యం, అటు నిన్నగాక మొన్న పైకెక్కి వచ్చిన నగరవాసి. పాతదీ కొత్తదీ ఒకే చట్రంలో ఇమిడాయని చెప్పుకోవడం తేలిక, చాలామంది చెప్పుకున్నారు కూడా. చిక్కల్లా ఏమిటంటే, అది నిజం కాదు. ఆ ఇద్దరిలో చిన్నవాడు దయ్యమే.

నోత్రదామ్ నిర్మాణం మొదలైంది 1163లో. ముందరి బురుజులు పదమూడో శతాబ్దం మధ్యకు పూర్తయ్యాయి. ఈ దయ్యం మాత్రం ఆ కాలానిది కాదు. ఫ్రెంచి విప్లవంలో ఆ చర్చికి చాలా దెబ్బలు తగిలాయి. ముఖద్వారాల పైన వరసగా నిలిచిన 28 మంది రాజుల విగ్రహాలను 1793లో పడగొట్టారు. నిజానికి అవి బైబిల్లోని యూదా రాజుల బొమ్మలు. జనం వాటిని ఫ్రాన్సును ఏలిన రాజులుగా లెక్కవేసి తలలు తీశారు. (ఆ తలల్లో 21 మళ్లీ దొరికింది 1977లో, పారిస్‌లోనే ఒక భవనం కింద జరిగిన తవ్వకంలో. ఇప్పుడవి క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి.) పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ కట్టడం శిథిలానికి దగ్గరగా ఉండేది. 1831లో విక్టర్ హ్యూగో దాని పేరే పెట్టి నవల రాశాక జనానికి మళ్లీ దాని మీద మమకారం పుట్టింది. 1844లో మరమ్మతు పని ఇద్దరు ఆర్కిటెక్టులకు దక్కింది. ఒకరు జాన్ బాతీస్త్ లస్యూ, రెండోవారు యూజెన్ వియొలే ల డ్యూక్. మరుసటేడు ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. పిట్టగోడ చుట్టూ కూర్చున్న 54 వింత జంతువుల బొమ్మలు ఆ మరమ్మతులో పుట్టినవే. వియొలే ల డ్యూక్ గీసిన బొమ్మలను విక్టర్ ప్యానే ఆధ్వర్యంలోని శిల్పులు చెక్కారు. అంటే నెగ్ర్ ఫొటో తీసేనాటికి ఆ దయ్యం వయసు పదేళ్లు కూడా లేదు. ఫొటోగ్రఫీ పుట్టిందని పారిస్‌లో లోకానికి చాటింది 1839 ఆగస్టులో. వయసులో కెమెరా ముందు, దయ్యం తర్వాత.

ఇక్కడ ఒక మాట సర్దుకోవాలి. ఇలాంటి బొమ్మలన్నిటినీ గార్గాయిల్ అని పిలవడం అలవాటైపోయింది. గార్గాయిల్ అంటే నీటి తూము. కప్పు మీద పడ్డ వాన గోడ వెంట జారి రాతిని తినేయకుండా దూరంగా చిమ్మడానికి పెట్టిన రాతి గొట్టం, దానికి జంతువు మొహం. పాత ఫ్రెంచిలో ఆ మాటకు గొంతు అని అర్థం. మన గుళ్లలో అభిషేకజలం బయటికి పోయే ప్రణాళానికి మకరం మొహం చెక్కినట్టే, అక్కడా పనిలోంచే అలంకారం పుట్టింది. ఫొటోలోని దయ్యం నోట్లోంచి చుక్క నీరు రాదు. దాన్ని షిమేర్ అంటారు, ఉత్త ఊహాజీవి. దానికి పనేమీ లేదు, చూడటం తప్ప. మధ్యయుగపు శిల్పులు బురుజుల మీద బొమ్మలు పెట్టలేదని కాదు. లాన్ పట్టణంలోని కేథడ్రల్ బురుజుల్లోంచి 16 రాతి ఎద్దులు ఇప్పటికీ తొంగి చూస్తుంటాయి. అవి సాధువైన ఎద్దులు. గడ్డం కింద చేతులు పెట్టుకుని దిగులుపడే దయ్యాన్ని కోరుకున్నది పదమూడో శతాబ్దం కాదు, పందొమ్మిదోది.

హ్యూగో నవల చదివి వచ్చినవాళ్లకు బురుజుల మీద రాక్షసులు కావాలి. అందులో చర్చి గంటలు కొట్టే గూనివాడు ఆ రాతి రాక్షసుల మధ్యే తిరిగేవాడని వాళ్లు చదివారు. పైకెక్కి చూస్తే పిట్టగోడ ఖాళీగా ఉంటే ఎలా? వియొలే ల డ్యూక్ ఆ లోటు తీర్చాడు. ఒక కట్టడాన్ని పునరుద్ధరించడమంటే ఉన్నదాన్ని కాపాడటమో బాగుచేయడమో కాదు, అది బహుశా ఏ కాలంలోనూ ఉండి ఉండని సంపూర్ణ స్థితికి తీసుకురావడమని తర్వాత తానే నిర్వచనం రాశాడు. దీన్ని మోసమని తిట్టినవాళ్లు ఉన్నారు. మోసమనడం కాస్త ఎక్కువే. అతను దాచిందేమీ లేదు, నిర్వచనంలోనే ఒప్పుకున్నాడు. అయితే చూసేవాడు నిర్వచనాలు చదువుకుని మెట్లెక్కడు కదా.

ఇక ఆ పెద్దమనిషి ఎవరు? దారిన పోయే నగరవాసి కాదు. పేరు ఆంరీ ల సెక్. 1818లో పుట్టాడు. ఫొటో నాటికి 35 ఏళ్లు. అతనూ ఫొటోగ్రాఫరే. నెగ్ర్, ల సెక్ ఇద్దరూ పాల్ దెలారోష్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు, ఇద్దరూ ఆ తర్వాతే కెమెరా పట్టారు. 1851లో ఫ్రాన్స్ చారిత్రక కట్టడాల సంఘం దేశంలోని పాత కట్టడాల స్థితిని ఫొటోల్లో నమోదు చేయడానికి ఐదుగురిని పంపింది. ఎదువార్ బాల్డ్యుస్, ఇప్పొలీత్ బయార్, గుస్తావ్ ల గ్రే, ఒగ్యుస్త్ మెస్త్రాల్, ఐదోవాడు ల సెక్. అతని వంతుకు ఈశాన్యం వచ్చింది. రాన్స్, స్త్రాస్‌బూర్ కేథడ్రళ్లను అతను తీసిన తీరు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది. దూరం నుంచి మొత్తం కట్టడాన్ని చూపడం కన్నా, మెట్లెక్కి రాతి రాజుల పక్కన నిలబడి తీయడం అతనికి ఇష్టం. నెగ్ర్‌కు ఆ జాబితాలో చోటు దొరకలేదు. మరుసటేడు సొంత ఖర్చుతో తన దక్షిణ ఫ్రాన్సు కట్టడాలను ఫొటోలు తీసుకున్నాడు.

ప్రభుత్వం ఆ ఐదుగురి పనితో ఏం చేసిందంటే, బీరువాలో పెట్టింది. అచ్చువేయలేదు, జనానికి చూపలేదు. కట్టడాలను కాగితం మీదికి ఎక్కించుకోవాలన్న ఆరాటం ఆ దశాబ్దమంతా ప్రభుత్వాలకు ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫరుగా లీనియస్ ట్రైప్ అమరావతి శిల్పాలను తీసింది 1858లోనే. అప్పటికి ఆ రాళ్లు కృష్ణ ఒడ్డు వదిలి మద్రాసు మ్యూజియం చేరి ఉన్నాయి.

ఇవన్నీ తెలిశాక ఫొటోను మళ్లీ చూస్తే అర్థం మారిపోతుంది. గొట్టం టోపీ మనిషి రాతి దయ్యాన్ని చూడటానికి వచ్చిన కొత్తవాడు కాదు, రాతి బొమ్మలను చూడటమే వృత్తిగా పెట్టుకున్నవాడు. కేథడ్రళ్ల మీద అంత పని చేసినవాణ్ని, అంత పని దొరకని స్నేహితుడు కేథడ్రల్ మీదే నిలబెట్టి ఫొటో తీశాడు. పక్కన చూడటం తప్ప మరో పని లేని రాతి జీవిని పెట్టాడు. చేతిలో కెమెరా లేని ఫొటోగ్రాఫరు, కళ్లు తిప్పని దయ్యం. ఇద్దరిదీ ఒకే వృత్తి. ఈ చిత్రం ప్రతీకలన్నిటిలో గట్టిగా నిలబడేది ఇదేననిపిస్తుంది.

దీనికి ఆనాటి ఫొటో తీసే పద్ధతి కూడా కలిసొచ్చింది. నెగ్ర్ వాడింది కాగితం నెగటివ్. కాగితానికి వెండి లవణాలు పట్టించి కెమెరాలో పెడతారు. కాంతి బాగా పారేందుకు ఆ కాగితానికి మైనం పట్టించడం అప్పటి రివాజు. మైనం ముందే పట్టించే పద్ధతిని ల గ్రే 1851లో ప్రచురించాడు. అలా సిద్ధం చేసిన కాగితం కొన్ని రోజులు నిలవ ఉంటుంది. బురుజుల ఇరుకు సుడిమెట్లు ఎక్కి పోయేవాడికి అంతకన్నా సుఖం లేదు, చీకటిగది సరంజామా వెంట మోయక్కర్లేదు. బదులుగా ఓపిక కావాలి. ఎండలో కూడా లెక్క సెకన్లలో కాదు, నిమిషాల్లో. అంతసేపు మనిషి కదిలితే మసకబారతాడు. ల సెక్ గోడ మూలలో ఒదిగి నిలబడటంలో అందం ఎంతో అవసరమూ అంతే అయి ఉండాలి. ఫొటో కోసం మనిషి రాయి కావాలి. రాయికి ఆ బాధ లేదు. అందుకే ఈ ఫొటోలో దయ్యమే తీరిగ్గా, మనిషే బిగుసుకుపోయి ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆకాశం తెల్లగా ఎందుకుందన్నదానికీ జవాబు ఆ కాగితంలోనే ఉంది. ఆనాటి రసాయనాలకు నీలికాంతి మీద మోజు ఎక్కువ. రాతి వివరాలు పడేలోపు ఆకాశం మాడిపోయి, ప్రింటులో తెల్లకాగితంలా మిగిలిపోతుంది. దూరపు ఇళ్లు కూడా ఆ తెలుపులోకి సగం కరిగిపోతాయి. ప్రింటు సంగతీ అంతే. ఉప్పునీటిలో ముంచి, వెండి ద్రావణం పట్టించి ఎండలో పెట్టిన కాగితంలో బొమ్మ పైపైన మెరవదు, పీచుల్లోకి ఇంకిపోతుంది. గోధుమరంగు, గరుకు. సున్నపురాయి గరుకు, కోటు నలుపు, బురుజు నీడ అన్నీ ఒకే మట్టిలోంచి తీసినట్టుంటాయి. కొత్త రాయి, పాత రాయి తేడా కూడా ఈ ఇంకుడులో మాయమైపోయింది. పదేళ్లు నిండని శిల్పానికి ఆరువందల ఏళ్ల వయసు తెచ్చిపెట్టినవాటిలో వియొలే ల డ్యూక్ ఉలి ఒకటైతే, ఈ కాగితం మరొకటి. నెగ్ర్‌కు కదలిక మీద ఆసక్తి లేక కాదు. అంతకు కొద్దిముందే పారిస్ గట్టు వెంట నడిచిపోతున్నట్టు కనిపించే, పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లను ఫొటో తీసి, ఆ రోజుల్లో కదలికను అలా చూపించిన అరుదైనవాడనిపించుకున్నాడు.

దయ్యానికి పేరు పెట్టింది మాత్రం ఫొటో కాదు. అదే ఏడు, అంటే 1853లో, షార్ల్ మెర్యోన్ అనే చిత్రకారుడు ఇదే బొమ్మను రాగిరేకు మీద చెక్కి అచ్చువేశాడు. ఆయనకు రంగులు సరిగా తెలియని చూపుదోషం ఉండేది, అందుకే నలుపు తెలుపుల్లోనే పనిచేశాడు. ఆ అచ్చు పేరు ‘ల స్ట్రీజ్’. ఆ మాటకు మూలమైన స్ట్రిక్స్ అంటే రోమన్ల కథల్లో రాత్రిపూట ఎగిరి వచ్చి పసిపిల్లల నెత్తురు తాగే పిట్ట. మెర్యోన్ దృష్టిలో ఆ దయ్యం తనివితీరని కామానికి రూపం, నగరాన్ని మేతలా చూసే రక్తపిశాచి. ఆ మాట అచ్చు కింద పద్యంగానూ చెప్పాడు. బొమ్మ చుట్టూ కాకుల గుంపు, వెనక ఊళ్లోని సాంజాక్ బురుజు. ఆ పేరే స్థిరపడి, నెగ్ర్ ఫొటోకూ అంటుకుంది.

పేరు తీసేసి చూస్తే భంగిమ వేరే సంగతి చెబుతుంది. తల చేతికి ఆనించడం ఐరోపా చిత్రకళలో దిగులుకు చాలా పాత గుర్తు. 1514లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ చెక్కిన రెక్కల స్త్రీమూర్తి అలాగే కూర్చుంటుంది. చేతులు దిగులువి, నాలుక వెక్కిరింతది, కొమ్ములు పాపానివి. మూడూ ఒకే మొహం మీద పెట్టడమే ఈ శిల్పం గడుసుతనం. ఆ వంకర ముక్కులో పందొమ్మిదో శతాబ్దపు యూదు వ్యతిరేక వ్యంగ్యచిత్రాల నీడ ఉందని చదివిన కళాచరిత్రకారులు కూడా ఉన్నారు. ఆనాటి పత్రికల బొమ్మలు పక్కన పెట్టుకుని చూస్తే ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. మధ్యయుగం పేరు మీద తమ కాలపు ద్వేషాన్ని కూడా పైకి ఎక్కించి ఉండవచ్చు.

పవిత్రస్థలం మీద రాక్షసరూపం ఏమిటన్న ప్రశ్న తెలుగువాళ్లకు పెద్దగా రాదు. ద్వారం మీద కీర్తిముఖం, కట్టే ఇంటి ముందు వేలాడే దిష్టిబొమ్మ చూసిన కళ్లకు అది మామూలే. ఆ పోలిక ఇక్కడ సగం దూరమే నడుస్తుంది. దిష్టిబొమ్మ ఎదుటివాడి కళ్లలోకి చూస్తుంది, వాడి చూపును తిప్పికొట్టడమే దాని కొలువు. స్ట్రీజ్ ఎవరినీ చూడదు, ఎవరినీ అడ్డుకోదు. మొత్తం ఊరిని ఒకే ముద్దగా చూస్తూ ఉంటుంది. కాపలాదారు కాదు, ప్రేక్షకుడు.

ఆ ప్రేక్షకుడి ముందు ఆడుతున్న ఆట కూడా మామూలుది కాదు. 1852 డిసెంబరులో మూడో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. ఫొటో తీసిన ఏడాదే జార్జ్ ఓస్మాన్ ఆ ప్రాంతానికి అధికారిగా వచ్చాడు. పాత పారిస్‌ను పగలగొట్టి వెడల్పాటి వీధులు వేసిన మనిషి. తర్వాతి పాతికేళ్లలోపే, కేథడ్రల్ నిలిచిన దీవిలోని ఇరుకు సందుల్లో చాలావరకు పోయి ఆ స్థానంలో ఆసుపత్రి, కోర్టు, పోలీసు భవనాలు వచ్చాయి. ల సెక్ అప్పటికే పారిస్ వీధుల్లో కూల్చివేతలను ఫొటోలు తీసి ఉన్నాడు. ఫొటోలో తెల్లగా కరిగిపోతున్న ఇళ్లలో కొన్ని నిజంగానే కరిగిపోవడానికి సిద్ధంగా ఉన్నవి. నెగ్ర్ ఇదంతా ఊహించి తీశాడని చెబితే అతిశయోక్తి. నీలికాంతి చేసిన పని అది. ప్రతీకలు కొన్నిసార్లు రసాయనం పుణ్యాన కూడా పుడతాయి. కిందనేమో నిజంగా పాతది కూలుతోంది, పైన పాతదాని పేరుతో కొత్తది లేస్తోంది. ఒకే ప్రభుత్వం, ఒకే దశాబ్దం.

హ్యూగో నవలలో ఒక చోట మతాధికారి అచ్చు పుస్తకాన్ని, ఆ తర్వాత చర్చిని చూపించి ఇది దాన్ని చంపేస్తుందంటాడు. అంతవరకు మనుషులు తమ ఆలోచనలను రాతిలో రాసుకున్నారు, ఇక కాగితం మీద రాసుకుంటారని భావం. నెగ్ర్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పట్టుకున్న పని దీనికి దగ్గరే. ఫొటో కాగితాలు వెలిసిపోతాయన్న భయం అప్పుడు అందరికీ ఉంది. వెలిసిపోనిది ముద్రణ సిరా. ఫొటోను లోహపు పలక మీదికి ఎక్కించి సిరాతో అచ్చువేసే హెలియోగ్రవూర్ పద్ధతి మీద నెగ్ర్ కష్టపడ్డాడు. షార్త్ర్ కేథడ్రల్ ద్వారాల శిల్పాలను అలా అచ్చువేసిన పలకలు ఆ కాలపు ముద్రణలోనే మేటివి. 1856లో ద్యూక్ ద ల్యూన్ అనే ప్రభువు ఇలాంటి ముద్రణకు బహుమతి ప్రకటిస్తే పోటీ చేశాడు. 1867లో బహుమతి అల్ఫోన్స్ ప్వాత్వాఁకు వెళ్లింది. అప్పటికే నెగ్ర్ నీస్‌లో డ్రాయింగు మాస్టారుగా స్థిరపడ్డాడు. 1880లో సొంతూరు గ్రాస్‌లో పోయాడు. ల సెక్ అంతకు చాలా ముందే, 1850ల నడిమిలోనే, కెమెరా పక్కన పెట్టి పాత ఇనుప సామాను సేకరించడంలో పడ్డాడు. తాళాలు, గొళ్లాలు, కిటికీ కమ్మీలు. కొడుకు పెంచిన ఆ సేకరణ ఇప్పుడు రూవాఁ నగరంలో పూజలు ఆగిపోయిన ఒక గోథిక్ చర్చిలో మ్యూజియంగా ఉంది.

2019 ఏప్రిల్ 15న నోత్రదామ్‌కు నిప్పంటుకున్నప్పుడు లోకమంతా చూస్తుండగా కూలిన సూదిశిఖరం వియొలే ల డ్యూక్ కట్టిందే, 1859 నాటిది. ఆరు సంవత్సరాల తేడాతో ఈ ఫొటో కన్నా చిన్నది. మధ్యయుగపు శిఖరం పద్దెనిమిదో శతాబ్దంలోనే తీసేశారు. కొత్త శిఖరం ఎలా ఉండాలన్న వాదం వచ్చింది. మన కాలపు రూపం ఇవ్వాలని కొందరు, పాతదే నిలబెట్టాలని కొందరు. 2020లో ‘పాతదే’ అని తేల్చారు. పాతది అంటే 1859ది. 2024 డిసెంబరులో తలుపులు మళ్లీ తెరిచారు. ఉత్తరపు బురుజులోకి పాకిన నిప్పును ఆర్పేశారు, బురుజులు నిలిచాయి. స్ట్రీజ్ ఆ రాత్రి కూడా చెంపలకు చేతులు ఆనించుకునే ఉంది, మంటలకు వీపు పెట్టి, ఊరివైపు చూస్తూ.